రెండు సంబద్ధ జనకాలు, ఒక తెర: కాంతి సంపోషక వ్యతికరణంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్, డిగ్రీ విద్యార్థులు, ప్రయోగశాలలో పాఠం చెప్పేవారు, లేజర్ పాయింటర్‌తో స్వయంగా చూడాలనుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. వేరే చెప్పనంతవరకు లెక్కలన్నిటికీ ఒకే అమరిక తీసుకున్నాం: 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, మధ్య నుంచి మధ్యకు 0.25 మి.మీ. ఎడంలో రెండు చీలికలు, 2 మీటర్ల దూరంలో తెర.

సంపోషక వ్యతికరణం అంటే సరిగ్గా ఏమిటి?

రెండు తరంగాలు ఒక బిందువును చేరేటప్పుడు శృంగం (తరంగపు ఎత్తు) మీద శృంగం, ద్రోణి (దాని పల్లం) మీద ద్రోణి పడితే వాటి కంపన పరిమితులు, అంటే తరంగాలు ఊగే ఎత్తులు, కూడుకుంటాయి. అదే సంపోషక వ్యతికరణం. రెండు జనకాలూ (తరంగాలు పుట్టే చోట్లు) ఒకే దశలో ఉంటే, అంటే రెంటిలోనూ శృంగాలు ఒకేసారి లేస్తుంటే, తరంగాలు ఆ బిందువుకు చేరడానికి నడిచిన దారుల తేడా, అంటే పథభేదం, తరంగదైర్ఘ్యానికి పూర్ణాంక రెట్లు కావాలి: 0, 1, 2, 3 ఇలా. తేడా అర, ఒకటిన్నర, రెండున్నర తరంగదైర్ఘ్యాలైతే శృంగం మీద ద్రోణి పడి చీకటి వస్తుంది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. అసలు విషయం ఆ తర్వాతే ఉంది. కంటికి, కెమెరాకు తెలిసేది కంపన పరిమితి కాదు, దాని వర్గానికి అనుపాతంలో ఉండే తీవ్రత. కంపన పరిమితి రెండింతలైతే తీవ్రత నాలుగింతలు. ఒక్క చీలిక తెరిచినప్పుడు ఒక బిందువు దగ్గర తీవ్రత 1 అనుకుంటే, రెండూ తెరిచాక వెలుగు పట్టీ నడుమ అది 2 కాదు, 4.

పూర్ణాంకానికీ అరకూ మధ్య ఏమవుతుందో కూడా చూడండి. పథభేదం తరంగదైర్ఘ్యంలో ఆరో వంతైతే తీవ్రత 3, నాలుగో వంతైతే 2, మూడో వంతైతే 1, సగమైతే 0. ఆ మూడో వంతు దగ్గర ఒక్క క్షణం ఆగండి. రెండో చీలిక తెరిచినా మూసినా అక్కడ వెలుగులో మార్పే ఉండదు. తీవ్రతలు ఊరికే కూడుకోవని ఇంతకంటే బాగా చెప్పే బిందువు తెర మీద ఇంకోటి లేదు.

రెండు చీలికలు తెరిస్తే నాలుగింతల వెలుగా? అదనపు శక్తి ఎక్కడిది?

అదనంగా ఏమీ పుట్టలేదు. చీకటి పట్టీల్లో పడాల్సిన శక్తి వెలుగు పట్టీల్లోకి చేరింది. తెర అంతటా సగటు తీస్తే తీవ్రత 2 మాత్రమే, అంటే రెండు చీలికలు విడివిడిగా ఇచ్చే వెలుగుల మొత్తం. వ్యతికరణం శక్తిని పంచే తీరును మార్చుతుంది, మొత్తాన్ని కాదు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే 4, 0, 2 అనే మూడు అంకెలూ రాస్తే సమాధానం పూర్తవుతుంది.

సంబద్ధ జనకాలు అంటే ఏమిటి? రెండు బల్బులు ఎందుకు పనికిరావు?

రెండు జనకాల మధ్య దశాభేదం కాలంతో మారకుండా నిలిచి ఉంటే అవి సంబద్ధం. దశాభేదం సున్నానే కానక్కర్లేదు, స్థిరంగా ఉంటే చాలు. అందుకు రెండింటి పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) ఒకటే కావాలి.

బల్బులో లెక్కలేనన్ని పరమాణువులు దేనికదే, ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా కాంతిని వదులుతాయి. ఒక్కో ఉద్గారం మహా అయితే సెకనులో పది కోట్లవ వంతు కాలం సాగుతుంది, ఆ తర్వాత దశ ఇష్టం వచ్చినట్టు మారిపోతుంది. రెండు బల్బుల కాంతి కలిసేచోట కూడా వ్యతికరణం ప్రతి క్షణం జరుగుతూనే ఉంటుంది. కానీ వెలుగు పట్టీ ఉన్నచోటికి చీకటి పట్టీ, చీకటి ఉన్నచోటికి వెలుగు సెకనుకు కోట్లసార్లు మారుతుంటాయి. కన్ను ఆ సగటునే చూస్తుంది. ఆ సగటు 2. అందుకే రెండు బల్బుల గదిలో వెలుగు రెండింతలుగా కనిపిస్తుందే తప్ప చారలు కనిపించవు.

మరి సంబద్ధ జనకాలను ఎలా తయారుచేస్తారు?

ఒకే కాంతిని రెండుగా చీల్చడమే దారి. మూల జనకంలో దశ ఎలా గంతులు వేసినా రెండు భాగాల్లోనూ ఒకేలా వేస్తుంది కాబట్టి వాటి మధ్య తేడా చెదరదు.

థామస్ యంగ్ 1803 నవంబరులో రాయల్ సొసైటీకి చూపిన ప్రయోగంలో అసలు చీలికలు లేవు. కిటికీ తెరకు పొడిచిన సన్నని రంధ్రం గుండా వచ్చిన ఎండకు అడ్డంగా అంగుళంలో ముప్పయ్యో వంతు, అంటే సుమారు 0.85 మి.మీ. వెడల్పున్న అట్టముక్కను అంచు మీద నిలబెట్టాడు. అట్టకు రెండు పక్కల నుంచి వంగి వచ్చిన కాంతి నీడలో కలిసి చారలయింది. ఒక పక్క కాంతిని అడ్డుకోగానే చారలు పోయాయి. నేడు పాఠ్యపుస్తకాల్లో కనిపించే రెండు రంధ్రాల వివరణ 1807లో అచ్చయిన ఆయన ఉపన్యాసాల్లో ఉంది.

తర్వాత ఫ్రెనెల్ ద్విపట్టకంతో (అడుగులు కలిసిన రెండు సన్నని పట్టకాలతో) ఒకే చీలికకు రెండు మిథ్యా ప్రతిబింబాలు తెచ్చాడు. 1834లో లాయిడ్ ఒకే అద్దంతో పని కానిచ్చాడు: ఒక జనకం నిజమైనది, రెండోది అద్దంలో దాని ప్రతిబింబం. ఇవన్నీ తరంగాగ్రాన్ని, అంటే ముందుకు సాగే తరంగపు ముఖాన్ని, పక్కపక్క ముక్కలుగా చీల్చే పద్ధతులు. సబ్బు పొర, మైకెల్సన్ వ్యతికరణమాపకం కంపన పరిమితిని చీలుస్తాయి, అంటే ఒకే పుంజంలో కొంత పరావర్తనం చెంది కొంత సాగిపోతుంది.

రెండు వేర్వేరు లేజర్ పాయింటర్లు వాడితే చారలు వస్తాయా?

కంటికి కనబడవు. లేజర్ కాబట్టి సంబద్ధమే కదా అనుకోవడం సహజం. కానీ ప్రతి లేజరూ తనతో తాను సంబద్ధం, పక్కదానితో కాదు. రెండు ఎర్ర పాయింటర్ల తరంగదైర్ఘ్యాల్లో తేడా 0.1 నానోమీటరే అనుకున్నా పౌనఃపున్యాల తేడా సెకనుకు సుమారు 7,100 కోట్ల కంపనాలు. పట్టీలు అంత వేగంతో జరిగిపోతుంటాయి. అయితే ఇది సూత్రరీత్యా అసాధ్యం కాదు. రెండు లేజర్లను చాలా స్థిరంగా నడిపి, అతి తక్కువ వ్యవధిలో నమోదు చేస్తే చారలు దొరుకుతాయి. ఫ్లీగర్, మాండెల్ 1967లో విడివిడి లేజర్లతో, కాంతిని ఎంతో బలహీనం చేసి మరీ దీన్ని చూపారు.

పట్టీ వెడల్పు సూత్రం ఏమిటి? ఎప్పుడు వాడకూడదు?

పట్టీ వెడల్పు = తరంగదైర్ఘ్యం × తెర దూరం ÷ చీలికల ఎడం.

మన అమరికలో 650 నానోమీటర్లు × 2 మీటర్లు ÷ 0.25 మి.మీ. = 5.2 మి.మీ. అదే అమరికలో 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ పెడితే 4.3 మి.మీ., 405 నానోమీటర్ల ఊదా రంగు లేజర్‌కు 3.2 మి.మీ. అమరిక మొత్తాన్ని నీటిలో ముంచితే తరంగదైర్ఘ్యం 1.33 రెట్లు తగ్గి ఎర్ర పట్టీలు 3.9 మి.మీ. అవుతాయి. రంగు మాత్రం మారదు, ఎందుకంటే పౌనఃపున్యం మారలేదు.

ఈ సూత్రం చిన్న కోణాలకే. అసలు నియమం ఇది: చీలికల ఎడం × కోణపు సైన్ = పూర్ణాంకం × తరంగదైర్ఘ్యం. తెర మీద మనం కొలిచే దూరం టాంజెంట్‌కు సంబంధించింది. కోణం 10 డిగ్రీలైతే సైన్ 0.1736, టాంజెంట్ 0.1763, తేడా ఒకటిన్నర శాతం. జంట చీలికల్లో పట్టీలన్నీ ఒకటి రెండు డిగ్రీల్లోనే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. వివర్తన జాలకానికి (దగ్గర దగ్గరగా ఎన్నో చీలికలున్న పలక, ఇందులో కోణాలు పెద్దవి) ఇదే సూత్రం వాడితే మాత్రం తప్పు లెక్క వస్తుంది.

లేజర్ పాయింటర్‌తో ఎలా చేయాలి?

ముందు కళ్ల సంగతి. 1 మిల్లీవాట్ మించని పాయింటర్ చాలు. పుంజాన్ని ఎవరి కంటి ఎత్తులోనూ ఉంచకండి, కడ్డీ, గడియారం, గాజు పలక లాంటి మెరిసే వస్తువులను దారిలోంచి తీసేయండి, చీలికల గుండా లేజర్ వైపు ఎప్పుడూ చూడకండి. గరుకు తెల్ల కాగితం మీద పడ్డ పట్టీలను చూడటం సురక్షితం. చవక ఆకుపచ్చ పాయింటర్లలో వడపోత గాజు లేకపోతే కనబడని పరారుణ కాంతి కూడా బయటికి వస్తుంది. తొలి ప్రయత్నానికి ఎర్రదే మేలు.

చీలికలు: సూక్ష్మదర్శిని గాజు పలకను కొవ్వొత్తి మంట పై అంచున ఆడిస్తూ ఒక పక్క నల్లగా మసి పట్టించండి. పలక చల్లారాక, రెండు గడ్డం బ్లేడ్లను అంచులు సరిగ్గా కలిసేలా ఒకదాని మీద ఒకటి పెట్టి టేపు చుట్టండి. స్కేలు ఆనుకుని మసి మీద ఒక్కసారే, ఒకే ఒత్తిడితో, ఒక సెంటీమీటరు పొడవు గీయండి. రెండోసారి అదే గీత మీద గీస్తే చీలికలు వెడల్పై పాడవుతాయి, కాబట్టి పక్కన కొత్త గీత గీయండి. ఒకే పలక మీద ఇలా ఆరేడు జతలు గీసి మంచిదాన్ని ఎంచుకోవడం అందరూ చేసే పని. బ్లేడు మందం సుమారు 0.1 మి.మీ. కాబట్టి చీలికల ఎడం కూడా దాదాపు అంతే. 2 మీటర్ల దూరంలో పట్టీ వెడల్పు 13 మి.మీ. దాకా వస్తుంది, గది అవతలి నుంచి కూడా కనబడుతుంది.

అమరిక: లేజర్‌ను పుస్తకాల దొంతర మీద పెట్టి, మీటను బట్టల క్లిప్పుతో నొక్కి ఉంచండి. చేత్తో పట్టుకుంటే పుంజం వణికి ఏదీ నిలవదు. పలకను లేజర్‌కు 10 నుంచి 30 సెం.మీ. దూరంలో, పుంజానికి లంబంగా నిలబెట్టండి. గది చీకటి చేసి, పలకను అర మి.మీ. చొప్పున పక్కకు జరుపుతూ తెరను చూడండి. రెండు చీలికల మీదా పుంజం సమంగా పడ్డప్పుడు పట్టీలు ఒక్కసారిగా పదునుగా విడిపోతాయి.

అది నిజంగా జంట చీలికల వ్యతికరణమేనా అని తేల్చుకోవడానికి ఒక బ్లేడు అంచును పక్క నుంచి మెల్లగా తోస్తూ ఒక చీలికను మూయండి. దగ్గర దగ్గరగా ఉన్న పట్టీలు పోయి, ఒక వెడల్పాటి వెలుగు మాత్రమే మిగలాలి. ఈ పరీక్ష చేయకుండా కొలతలకు దిగకండి.

పుస్తకంలో నిలువు గీతలున్నాయి. నాకు చుక్కల వరుస వస్తోంది. తప్పెక్కడ?

తప్పేమీ లేదు. లేజర్ పుంజం ఒకటి రెండు మి.మీ. మందమే ఉంటుంది. చీలిక పొడవునా అంతమేరకే వెలుగు పడుతుంది, అందుకే పట్టీలు పొట్టివై చుక్కల్లా కనిపిస్తాయి. గీతలే కావాలంటే చీలికల ముందు ఒక గాజు కడ్డీని, చీలికల పొడవుకు అడ్డంగా పెట్టండి. అది పుంజాన్ని చీలిక పొడవు దిశలో పరుస్తుంది. కడ్డీని చీలికలకు సమాంతరంగా పెడితే పట్టీలు విడిపోయే దిశలోనే పుంజం విచ్చుకుంటుంది, గీతలు రావు.

పట్టీలే రావడం లేదు. ఏం చూడాలి?

ముందుగా, పుంజం రెండు చీలికలనూ తాకుతోందా? ఎడం 1 మి.మీ. దాటితే సన్నని పుంజం ఒకదాని మీదే పడుతుంది. పడినా పట్టీ వెడల్పు 1.3 మి.మీ.కి దిగిపోయి దూరం నుంచి మొత్తం ఒకే మచ్చలా కనబడుతుంది. తెరను 4 మీటర్లకు జరిపి దగ్గరికెళ్లి చూడండి.

రెండోది, చీలికల వెడల్పు. మసి రేగిపోయి రెండు చీలికల మధ్య గోడ తెగితే అది ఒకే పెద్ద చీలిక. పలకను వెలుగుకు ఎదురుగా, లేజర్ ఆపేసి, భూతద్దంతో చూస్తే తెలిసిపోతుంది. కాంతి మూడో చోటు నుంచి కారుతోందా అన్నదీ అప్పుడే చూడాలి. మసి పలచబడ్డ చోట నేరుగా దూసుకొచ్చే పుంజం కేంద్ర పట్టీ మీద పడి మిగతావాటిని మసకబార్చుతుంది.

మూడోది, చాలామంది గుర్తించనిది. తెర మీద వెలుగంతా ఇసుక చల్లినట్టు గరుకుగా మెరుస్తుంటుంది. అవి పట్టీలు కావు, గరుకు తలం నుంచి చెదిరిన లేజర్ కాంతి కంట్లో చేసే వ్యతికరణం. తల అటూ ఇటూ కదిపితే ఆ గరుకు కదులుతుంది, పట్టీలు కదలవు.

లేజర్ సంబద్ధత పొడవు (ఎంత పథభేదం దాకా చారలు నిలుస్తాయో ఆ హద్దు) చాలదేమో అన్న అనుమానం మాత్రం ఇక్కడ అక్కర్లేదు. పదో పట్టీ దగ్గర కూడా పథభేదం 6.5 మైక్రోమీటర్లే. ఎంత చవక పాయింటరైనా అంతకు ఎన్నో రెట్లు తట్టుకుంటుంది.

పట్టీలు బాగా వచ్చాయి, కానీ లెక్కిస్తే తరంగదైర్ఘ్యం తప్పు వస్తోంది. ఎందుకు?

మొదట లెక్కింపును అనుమానించండి. పదకొండు వెలుగు పట్టీల మధ్య ఖాళీలు పది. పది పట్టీలు లెక్కపెట్టి పదితో భాగిస్తే తరంగదైర్ఘ్యం పది శాతం తగ్గుతుంది. ఒక పట్టీ వెడల్పును ఒంటరిగా కొలవకండి, వీలైనన్ని ఖాళీలు కలిపి కొలిచి భాగించండి. కొలిచేది వెలుగు పట్టీల నడిమి నుంచి నడిమికి. నడుమ ఎక్కడో తేలకపోతే చీకటి పట్టీల మధ్య కొలవండి, సన్నని చీకటిని కన్ను ఇంకా కచ్చితంగా పడుతుంది.

తర్వాత ఏ కొలతలో ఎంత సందేహం ఉందో చూడండి. పది ఖాళీలు 52 మి.మీ., అందులో 1 మి.మీ. అటూ ఇటూ అంటే 2 శాతం. తెర దూరం 2,000 మి.మీ.లో 5 మి.మీ. పోయినా పావు శాతమే. చీలికల ఎడం 0.25 మి.మీ.లో 0.01 తేడా వస్తే మాత్రం 4 శాతం! కష్టమంతా ఈ ఒక్క కొలతలోనే ఉంది. టేపుతో తెర దూరాన్ని మూడుసార్లు సరిచూసుకుని, చీలికల ఎడాన్ని పలక డబ్బా మీద రాసింది రాసినట్టు నమ్మేవాళ్లు ఎక్కువ. చల సూక్ష్మదర్శినితో (స్కేలు మీద జరుగుతూ కొలిచే సూక్ష్మదర్శినితో) ఒక చీలిక ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచుకు కొలవండి, మళ్లీ కుడి అంచు నుంచి కుడి అంచుకు కొలిచి సగటు తీయండి. లోపలి అంచుల మధ్య కొలిస్తే ఒక చీలిక వెడల్పు తగ్గిపోతుంది.

పలక 10 డిగ్రీలు వాలి ఉన్నా, తెర అంతే వాలి ఉన్నా ఒకటిన్నర శాతం తేడా వస్తుంది. పలక నుంచి లేజర్‌కే తిరిగి వెళ్లే పరావర్తన మచ్చ లేజర్ మూతి మీదే పడేలా సర్దితే పలక లంబంగా ఉన్నట్టే.

మధ్యలో కొన్ని వెలుగు పట్టీలు మాయమవుతున్నాయి. ఇదేమిటి?

ప్రతి చీలికకూ తనదైన వివర్తనం, అంటే సన్నని సందు దాటిన కాంతి పక్కలకు విచ్చుకోవడం, ఉంది. ఆ వివర్తనం ఒక దిశలో కాంతినే పంపకపోతే, ఆ దిశలో సంపోషక వ్యతికరణం జరగాలన్నా కలవడానికి ఏమీ ఉండదు. చీలికల ఎడాన్ని ఒక చీలిక వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె ఎంతో, ఆ వరుస పట్టీ మాయమవుతుంది. ఎడం 0.25, వెడల్పు 0.05 మి.మీ. అయితే అయిదోది, పదోది కనబడవు. నడిమి వివర్తన వెలుగు మన అమరికలో 52 మి.మీ. వెడల్పుంటుంది, అందులో 9 వెలుగు పట్టీలు ఇముడుతాయి. బ్లేడుతో గీసిన చీలికల్లో ఈ నిష్పత్తి తరచూ 2 లేదా 3 ఉంటుంది, కాబట్టి నడుమ 3 లేదా 5 పట్టీలే స్పష్టంగా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. పట్టీలన్నీ ఒకే వెలుగుతో ఉంటాయని పాఠ్యపుస్తకం చెప్పేది చీలికలు అత్యంత సన్ననివి అనుకున్నప్పుడే.

సోడియం దీపంతో చేస్తే అదనంగా ఒక చీలిక ఎందుకు?

దీపం పెద్దది. దాని ప్రతి బిందువూ తన సొంత పట్టీల వరుసను తెర మీద వేస్తుంది. దీపంలో బిందువు పక్కకు జరిగితే దాని పట్టీలు ఎదురు పక్కకు జరుగుతాయి. అన్నీ కలిస్తే చెరిపేసినట్టవుతుంది. అందుకే దీపం ముందు ఒక సన్నని జనక చీలిక.

అది ఎంత సన్నగా ఉండాలో లెక్కుంది. తరంగదైర్ఘ్యాన్ని జనక చీలిక నుంచి జంట చీలికల దూరంతో గుణించి, చీలికల ఎడంతో భాగించండి. 589 నానోమీటర్లు, 20 సెం.మీ., 0.25 మి.మీ. పెడితే 0.47 మి.మీ. జనక చీలిక ఇంత వెడల్పుంటే పట్టీలు పూర్తిగా చెరిగిపోతాయి. ఇందులో నాలుగో వంతుకు, సుమారు 0.12 మి.మీ.కి తగ్గిస్తే పట్టీల స్పష్టత 90 శాతం దాకా నిలుస్తుంది. ఇంకా తగ్గిస్తే స్పష్టత పెద్దగా పెరగదు, వెలుగు మాత్రం పడిపోతుంది. జనక చీలిక జంట చీలికలకు సమాంతరంగా ఉండటం ఇంతకంటే ముఖ్యం. కాస్త మెలి తిరిగినా పట్టీలు మాయం. ప్రయోగశాలలో మొదట తిప్పాల్సిన మర అదే.

నేరుగా సూర్యకాంతి వాడాలన్నా ఇదే లెక్క. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కాబట్టి సుమారు 0.06 మి.మీ. ఎడానికి మించి చీలికలు సంబద్ధంగా ఉండవు. యంగ్ ఎండను ముందుగా సన్నని రంధ్రం గుండా పంపింది ఇందుకే.

సోడియం కాంతిలో 589.0, 589.6 నానోమీటర్ల జంట రేఖలున్నాయి. ఒకదాని వెలుగు మీద రెండోదాని చీకటి పడేది దాదాపు 490వ పట్టీ దగ్గర. జంట చీలికల్లో అంతదూరం పోం కాబట్టి దాన్ని ఏకవర్ణ కాంతిగా, అంటే ఒకే తరంగదైర్ఘ్యం ఉన్నదిగా, తీసుకోవచ్చు.

తెల్ల కాంతితో ఏం కనబడుతుంది?

నడిమి పట్టీ తెల్లగా ఉంటుంది, ఎందుకంటే పథభేదం సున్నా దగ్గర అన్ని రంగులకూ సంపోషకమే. దాని అంచులు ఎర్రబారుతాయి. నీలానికి అర తరంగదైర్ఘ్యం ముందే వస్తుంది, అక్కడ నీలం ఆరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ తర్వాత వచ్చే మొదటి వరుస వెలుగులో లోపలి వైపు ఊదా, బయటి వైపు ఎరుపు. "కేంద్రానికి దగ్గర ఎరుపా, నీలమా?" అన్న వాదన ఈ రెంటినీ కలిపేయడంవల్ల పుట్టింది. తెల్ల పట్టీ అంచు గురించి అడిగితే ఎరుపు, మొదటి వరుస వెలుగు గురించి అడిగితే ఊదా. నాలుగైదు పట్టీలు దాటాక రంగులు ఒకదానిమీదొకటి పడి తెలుపు మిగులుతుంది.

తెల్ల కాంతికి ఒక గొప్ప ఉపయోగం ఉంది. లేజర్ పట్టీలన్నీ ఒకేలా ఉంటాయి, అసలు కేంద్రం ఏదో చెప్పలేం. తెల్ల కాంతి దాన్ని వేలెత్తి చూపుతుంది.

ఒక చీలిక ముందు పలచని గాజు లేదా అభ్రకం పెడితే?

పట్టీల వరుస మొత్తం ఆ చీలిక వైపుకు జరుగుతుంది. వెడల్పు మారదు. అదనపు పథం = (వక్రీభవన గుణకం − 1) × మందం. 0.01 మి.మీ. మందం, గుణకం 1.5 అయితే అది 5 మైక్రోమీటర్లు, అంటే 7.7 తరంగదైర్ఘ్యాలు. కేంద్రం 40 మి.మీ. జరుగుతుంది. లేజర్‌తో మాత్రమే చూస్తే 7.7లో ఆ 0.7 తెలుస్తుంది గానీ 7 తెలియదు. ముందు తెల్ల కాంతితో కేంద్రాన్ని పట్టుకుని, తర్వాత ఏకవర్ణ కాంతితో కొలిస్తే రెండూ దొరుకుతాయి.

రెండు చీలికల వెలుగు సమానంగా లేకపోతే?

చీకటి పూర్తి చీకటి కాదు. ఒకదాని తీవ్రత రెండోదానిలో నాలుగో వంతైతే కంపన పరిమితులు 1, అర. వెలుగు దగ్గర 2.25, చీకటి దగ్గర 0.25. ఒకటి రెండోదానిలో నూరో వంతే ఉన్నా కంపన పరిమితి పదో వంతు ఉంటుంది. వెలుగు చీకట్ల నిష్పత్తి 121కి 81. ఆ చారలు కంటికి తెలుస్తాయి. వ్యతికరణం ఇంత సున్నితం.

లాయిడ్ అద్దంలో పథభేదం సున్నా ఉన్నచోట చీకటి ఎందుకు?

అద్దం మీద దాదాపు ఒరుసుకుంటూ పడి పరావర్తనం చెందిన తరంగం దశ 180 డిగ్రీలు తిరుగుతుంది, అర తరంగదైర్ఘ్యం కలిపినట్టే. అందుకే నియమాలు తారుమారవుతాయి: పూర్ణాంకం దగ్గర చీకటి, అర దగ్గర వెలుగు. గాలిలో ఉన్న సబ్బు పొరలోనూ ఇదే జరుగుతుంది. మీ అమరికలో ఎక్కడైనా పరావర్తనం ఉంటే పథభేదం ఒక్కటే చూసి వెలుగో చీకటో నిర్ణయించకండి.

చీలికల ముందు పోలరాయిడ్లు పెడితే పట్టీలు పోతాయా?

పోలరాయిడ్ అంటే ఒకే దిశలో కంపించే (ధ్రువణం చెందిన) కాంతినే పోనిచ్చే పలక. రెండు పోలరాయిడ్ల అక్షాలు లంబంగా ఉంటే పోతాయి. ఒకదానికొకటి అడ్డంగా కంపించే తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోలేవు. లేజర్ కాంతి ముందే ధ్రువణం చెంది ఉండొచ్చు కాబట్టి, ఆ దిశకు ఒకటి 45 డిగ్రీలు అటు, ఒకటి 45 డిగ్రీలు ఇటు ఉంచండి. లేకపోతే ఒక చీలిక పూర్తిగా మూసుకుపోయి, పట్టీలు పోయింది అందుకని తెలియక పొరపాటు పడతారు. ఇప్పుడు తెర ముందు మూడో పోలరాయిడ్‌ను లేజర్ అసలు దిశలో పెడితే పట్టీలు తిరిగి వస్తాయి.

కాంతిని ఒక్కో ఫోటాన్‌గా పంపితే వ్యతికరణం ఆగుతుందా?

ఆగదు. జి.ఐ. టేలర్ 1909లో మంట వెలుగును అతిగా తగ్గించి, సూది నీడ చుట్టూ వచ్చే చారలను ఫోటో తీశాడు. అత్యంత మసక వెలుగుకు ఫలకాన్ని దాదాపు మూడు నెలలు ఉంచాల్సి వచ్చింది. అయినా చారల పదును తగ్గలేదు. ఒక్కో ఫోటాన్ ఒక్కో చుక్కగా పడుతుంది, ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేం. వేల చుక్కలు పోగయ్యాక మాత్రం పూర్ణాంక పథభేదం ఉన్నచోటే గుమిగూడతాయి.

లేజర్ ముందు వెంట్రుక పెట్టినా చారలు వస్తున్నాయి. అదీ ఇదేనా?

దగ్గరి బంధువు. యంగ్ అట్టముక్క కూడా ఈ కోవలోనిదే. చీకటి పట్టీల మధ్య దూరం = తరంగదైర్ఘ్యం × తెర దూరం ÷ వెంట్రుక మందం. వెంట్రుక 0.07 మి.మీ. అయితే 2 మీటర్ల దగ్గర 18.6 మి.మీ. మసి పలక గీయడం కుదరనివారు ముందు దీనితో చేయి తిప్పుకోవచ్చు. దీని నడిమి పట్టీ మిగతావాటికంటే రెండింతలు వెడల్పు, కాబట్టి దాన్ని కలిపి సగటు తీయకండి.

అయిదో వెలుగు పట్టీ, అయిదో చీకటి పట్టీ లెక్కలో తడబడుతున్నాను.

కేంద్ర పట్టీ సున్నావది. అయిదో వెలుగుకు పథభేదం 5 తరంగదైర్ఘ్యాలు, మన అమరికలో కేంద్రం నుంచి 26 మి.మీ. అయిదో చీకటికి నాలుగున్నర తరంగదైర్ఘ్యాలు, 23.4 మి.మీ. అయిదున్నర కాదు. కేంద్రం పక్కనే ఉన్న మొదటి చీకటికి పథభేదం అర అని గుర్తుంచుకుంటే మిగతావి తప్పవు.

ఫోటో ఎలా తీయాలి?

ఫోన్ కెమెరా చీకటి గదిలో వెలుగును అతిగా పెంచి నడిమి పట్టీలను తెల్లగా మండిస్తుంది. అప్పుడు వెలుగు పట్టీలు లావుగా, చీకటివి సన్నగా కనబడతాయి. నిజానికి సగం వెలుగు స్థాయి దగ్గర కొలిస్తే రెండూ సమానం. పట్టీ మీద వేలు ఆనించి ఫోకస్, ఎక్స్‌పోజర్ బిగించి, ఎర్ర రంగు తెలుపుగా మారకుండా ఉండేదాకా వెలుగు తగ్గించండి. తెర మీద మి.మీ. గీతలున్న గ్రాఫ్ కాగితం అంటించి, ఎదురుగా నిలబడి తీస్తే ఆ ఫోటో మీదే కొలతలు తీసుకోవచ్చు.